జీవవైవిధ్య దినోత్సవ సదస్సు: కడపలో ఎలా జరిపితే పనికొస్తుంది?

ఇతరులకూ సందర్భం తెలియాలి కనుక మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. కడపలోని ఒక డిగ్రీ కళాశాలలో మీరు వృక్షశాస్త్రం బోధిస్తున్నారు. మే 22న అంతర్జాతీయ జీవవైవిధ్య దినోత్సవం సందర్భంగా 'జీవవైవిధ్యం, సుస్థిరాభివృద్ధి' అన్న విషయం మీద బహిరంగ చర్చ పెట్టే బాధ్యత మీ మీద పడింది. ప్రతి ఏడూ ముగ్గురు అతిథులు మాట్లాడడం, పది మొక్కలు నాటడం, ఫొటోలు దిగడంతో ముగిసిపోతోందనీ, ఈసారైనా దాని వల్ల ఎవరికైనా ఉపయోగం ఉండాలనీ, ఏం చేయమంటారనీ అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో వృక్షశాస్త్రం చెబుతూ ఇటువంటి సభలు చాలా జరిపించినవాడిని. వాటిలో సగానికి పైగా మీరు చెప్పిన తీరులోనే ముగిశాయి కనుక, ఏది పనికొచ్చిందో చెప్పడంతో పాటు ఏది ఎందుకు చెడిందో కూడా చెప్పగలను.

అన్నిటికన్నా ముందు విషయాన్ని చిన్నది చేయండి. జీవవైవిధ్యం అనగానే వక్తలు 1992 నాటి రియో సదస్సు నుంచి మొదలుపెట్టి, 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మీదుగా, 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన 23 లక్ష్యాల ఒప్పందం దాకా వస్తారు. అప్పటికి గంటన్నర గడిచిపోతుంది, వెనక వరుసల్లో కూర్చున్నవారు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ఆ విషయాలు తప్పని నేననడం లేదు. పిల్లలు వాటిని తరగతిలో చదువుకోగలరు, దానికి సభ అక్కర్లేదు. సభలో చర్చించవలసింది అక్కడ కూర్చున్నవారిలో కనీసం పదిమందికి సొంతంగా చెప్పడానికి ఏదో ఒకటి ఉన్న విషయం. ఒక చెరువు, ఒక వంక, ఒక గుట్ట, ఒక పంట, ఒక పిట్ట, వీటిలో ఒకటే తీసుకోండి.

ఎర్రచందనం తీసుకోవాలని మీకు సహజంగానే అనిపిస్తుంది, అది మన కొండల సొత్తు కనుక. అయినా నేను వద్దంటాను. ఆ పేరెత్తగానే సభ మొత్తం దొంగరవాణా వైపు మళ్లుతుంది, పోలీసులు, లారీలు, ధరలు తప్ప చెట్టు గురించి ఎవరూ మాట్లాడరు. రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ విఫలమయ్యాను.

కడపలో ఉన్నవారికి కలివి కోడి కన్నా మంచి విషయం దొరకదు. శాస్త్రలోకానికి ఈ పక్షి 1848లో తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనబడిన తర్వాత 86 ఏళ్ల పాటు దీన్ని చూసిన శాస్త్రజ్ఞుడు లేడు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు పక్షి బొమ్మ చూపిస్తూ మన ఊళ్లలో వాకబు చేశారు. పిట్టలు పట్టడంలో ఆరితేరిన ఒక స్థానికుడు దాన్ని గుర్తుపట్టడమే కాక, 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. శాస్త్రం పోయిందనుకున్న పక్షికి ఊళ్లో మాత్రం పేరు పోలేదు. కలివి పొదల్లో తిరిగేది కనుక కలివి కోడి. ఆ పొదల రక్షణ కోసమే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

సదస్సుకు ఇది ఎందుకు పనికొస్తుందంటే, సుస్థిరాభివృద్ధి అన్న మాటలోని చిక్కు అంతా ఇందులోనే ఉంది. తెలుగుగంగ కాలువ ఆ పక్షి తిరిగే పొదల మీదుగా పోతోందని ఆక్షేపణలు వచ్చినప్పుడు ఆ భాగంలో కాలువ దారి మార్చవలసివచ్చింది. సీమకు నీళ్లు కావాలి, అందులో ఎవరికీ సందేహం లేదు. ఆ పక్షి ప్రపంచంలో మరెక్కడా లేదు, అదీ నిజమే. ఈ రెండు నిజాలనూ సభ ముందు పక్కపక్కన పెట్టి, కాలువ దారి మార్చడం వల్ల ఎవరికి ఎంత నష్టం, ఎంత లాభం అని అడిగితే రైతు మాట్లాడతాడు, విద్యార్థి మాట్లాడతాడు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఉంటే ఆయన తప్పక మాట్లాడతాడు. ఇంకొక సంగతి పిల్లలకు బాగా పడుతుంది. రాత్రి మాత్రమే తిరిగే ఆ పక్షిని చూడలేక, పరిశోధకులు పొదల మధ్య సన్నటి మట్టిని పట్టీల్లా పరిచి, తెల్లవారి దాని మీద పడిన కాలి గుర్తులను వెతికేవారు. మీ కళాశాల ఆవరణలో ఒక మూల మూడు అడుగుల వెడల్పున జల్లించిన మట్టి పరిచి, సదస్సుకు ముందు రోజు రాత్రి వదిలేయండి. మరునాటి పొద్దున పిల్లి, ముంగిస, ఉడుత, కాకి వీటి జాడలు చూసి పేర్లు చెప్పమనండి. గంటసేపు ఉపన్యాసం కన్నా అది ఎక్కువ నేర్పుతుంది, ఖర్చు కూడా జల్లెడ అద్దె మించదు.

ఇక ఎవరు మాట్లాడాలన్నది. మన సభల్లో మొదట ముఖ్య అతిథి, తర్వాత గౌరవ అతిథి, తర్వాత ప్రిన్సిపాల్ గారు మాట్లాడి, చివర పది నిమిషాలు 'ప్రశ్నలేమైనా ఉన్నాయా' అని అడగడం ఆనవాయితీ. దీన్ని తిరగవేయండి. చాలా ఏళ్ల క్రితం అనంతపురం జిల్లాలో ఒక సదస్సులో బీడు భూముల అభివృద్ధి మీద ఒక నిపుణుడు తెర మీద ఒక గుట్ట ఫొటో వేసి, ఇది ఉపయోగం లేని బంజరు, ఇక్కడ చెట్లు పెంచాలి అన్నాడు. పిలిచాము కనుక వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక గొర్రెల కాపరి చేయెత్తి, 'సారూ, అది మా ఊరి గుట్టే. మీరు బంజరంటున్నది మా జీవాలకు ఎనిమిది నెలల మేత' అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ ఫొటోలోనే ఏది బోద, ఏది పశువులు ముట్టని గడ్డి, ఏ వానకు ఏది ముందు మొలుస్తుంది అని వేలుపెట్టి చూపిస్తూ పోయాడు. బోద గడ్డి కోసి ఇళ్లకు కప్పేవాళ్లమనీ, చెట్ల నీడ కమ్ముకున్న చోట అది చచ్చిపోతుందనీ చెప్పాడు. నిపుణుడు మంచివాడు, ఉపన్యాసం ఆపి రాసుకున్నాడు. కాపరి ముందు మాట్లాడి ఉంటే ఆ తెర బొమ్మకు 'బంజరు' అన్న పేరే ఉండేది కాదు గదా అని నాకు ఆ రోజు తట్టింది. అప్పటి నుంచి నేను జరిపిన ఏ సభలోనూ అతిథిని మొదట మాట్లాడనివ్వలేదు. దానికి ఒకరిద్దరు అలిగారు కూడా.

పిలిచేటప్పుడు జాగ్రత్త. కాపరిని, రైతును, పసరు మందు ఇచ్చే పెద్దావిడను వేదిక మీద కూర్చోబెట్టి మైకు ముందుకు నెడితే వాళ్లు రెండు ముక్కలు చెప్పి దిగిపోతారు. వేదిక తీసేయండి, కుర్చీలు గుండ్రంగా వేయండి, చేతిలో పట్టుకోవడానికి ఏదైనా ఇవ్వండి. ఒకసారి చేటలో కొర్రలు, అండుకొర్రలు కలిపి పెట్టి, విడదీయగలరా అని అడిగాము. ఎమ్మెస్సీ పిల్లలు గింజ రంగు చూస్తూ తడుముకున్నారు. డెబ్భై ఏళ్ల అవ్వ ఒకామె గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య నలిపి, పొట్టు వదలని వాటిని పక్కకు తోసి, 'ఇవి అండుకొర్రలు. దంచలేక సచ్చేవాళ్లం, అందుకే మానుకున్నాం' అంది. అండుకొర్రలు చింతచెట్టు నీడలో కూడా పండుతాయనీ, మిగతా ఏ పంటా రాని చోట చల్లేవాళ్లమనీ తర్వాత చెప్పింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పుడు వాటి పోషక విలువల మీద లెక్కలేనన్ని ప్రసంగాలు విన్నాము. ఒక పంట పొలం నుంచి పోవడానికి దంపుడు కష్టం కూడా కారణమన్నది నేను ఆ ప్రసంగాల్లో విన్నది కాదు, ఆ అవ్వ చెప్పిందే. సద్ద, కొర్ర, ఆరిక, సామ, అలసంద, కంది కలిపి వేసిన చేలు పోయి చెనిక్కాయ (వేరుశనగ) ఒక్కటే ఎందుకు మిగిలిందన్న చర్చకు ఇంతకన్నా మంచి ఆరంభం ఉండదు.

'సుస్థిరాభివృద్ధి' అన్న మాటను బ్యానరు మీద ఉంచుకోండి, నోట మాత్రం వాడకండి. ఈ తరం అవసరాలు తీరాలి గానీ రాబోయే తరాల అవసరాలకు గండి పడకూడదన్నది 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం. దాన్ని 'మీ అబ్బ కాలంలో ఈ వంకలో ఎన్ని నెలలు నీళ్లుండేవి, ఇప్పుడు ఎన్ని నెలలు, మీ మనవడికి ఎన్ని నెలలుండాలి' అని అడిగితే చాలు.

అసలు గట్టి చర్చ కావాలంటే మన జిల్లాల్లోనే రెండు తగువులున్నాయి. మొదటిది రోళ్లపాడు. అప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. రక్షణ వల్ల కృష్ణజింకలు పెరిగాయి, చుట్టుపక్కల చేలల్లో పడి మేయడం మొదలుపెట్టాయి, రైతులకు అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. ఇంతా చేసి బట్టమేక పిట్ట అక్కడ నిలవలేదు. దేశం మొత్తం మీద సహజ ఆవాసాల్లో ఇప్పుడు ఆ పక్షులు 150 వరకే ఉంటాయని అంచనా, వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనివే. కంచె వేసి కాపాడితే చాలదు, చుట్టూ ఉన్న చేలల్లో ఏ పంట వేస్తున్నారన్నదాని మీద కూడా ఆ పక్షి బతుకు ఆధారపడి ఉందని దీన్ని బట్టి నేను అనుకుంటాను. మీ పిల్లలు ఒప్పుకోకపోతే మరీ మంచిది, వాదించనివ్వండి.

రెండోది సౌర విద్యుత్తు. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పని మొదలుపెట్టింది. అనంతపురం వైపు గుట్టల మీద గాలిమరలు ఇంకా ముందే వచ్చాయి. బొగ్గు కన్నా ఇది నయమని నేను నిస్సంకోచంగా నమ్ముతాను. కాని ఇటువంటి ప్రాజెక్టులకు వెతికే భూమి ఎక్కువగా మన లెక్కల్లో బంజరని రాసుకున్న పచ్చిక బయళ్లే. అక్కడే జింకలు, తోడేళ్లు, గొర్రెలు బతుకుతాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు చట్టప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. సౌర ఫలకాల ప్రాజెక్టులు గానీ గాలిమరలు గానీ పర్యావరణ ప్రభావ మదింపు 2006 నోటిఫికేషన్ పరిధిలో లేవు కనుక, వాటికి అది జరగదు. ఆ ఊరివాళ్లు తమ మేత భూమి గురించి బహిరంగంగా మాట్లాడడానికి చట్టం చూపించే వేదిక అక్కడ లేదు. మీ కళాశాల చర్చ పెడితే బహుశా అదే వాళ్లకు దొరికే మొదటి సభ అవుతుంది. అందుకని దాన్ని పక్షపాతం లేకుండా జరిపించడం మీ బాధ్యత. విద్యుత్తు శాఖ తరఫున ఒకరిని, భూమి కౌలుకిచ్చి సంతోషంగా ఉన్న రైతును, మేత పోగొట్టుకున్న కాపరిని, ముగ్గురినీ పిలవండి. ఇద్దరినే పిలిస్తే అది తగువవుతుంది, ఒకరినే పిలిస్తే ప్రచారమవుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ మాట వచ్చింది కనుక, దాని నియమాలు మీ విద్యార్థులకు తప్పక చెప్పండి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక. పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. సభను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరు గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని హోదా గల అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, మొత్తం వీడియో తీస్తారు. ఇంతమంది రావాలన్న కోరం లేదు, అంటే ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే. అన్నిటికన్నా విలువైన నియమం చివరిది: లేవనెత్తిన అంశాలన్నీ రాసి, సభ ముగిసే ముందు అక్కడున్నవారికి తెలుగులో చదివి వినిపించాలి. మీ సదస్సులో దీన్నే ఒక నమూనా సభగా పిల్లల చేత నడిపించవచ్చు, ఒకరు కలెక్టరుగా, ఒకరు కంపెనీ ప్రతినిధిగా, పదిమంది ఊరివాళ్లుగా. నేను చూసినంతలో ఈ ఆట ఆడిన పిల్లలు నిజమైన సభలకు వెళ్లి మైకు తీసుకోవడానికి జంకలేదు.

సదస్సు తర్వాత మిగలవలసింది ఏమిటన్నది మీరు అడగలేదు గానీ అదే అసలు ప్రశ్న. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీ, ప్రతి పురపాలక సంఘం, నగరపాలక సంస్థ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయాలి. ఆ కమిటీ ముఖ్యమైన పని స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయడం. ఊళ్లో ఏయే మొక్కలు, జంతువులు, పంట రకాలు, పశువుల జాతులు ఉన్నాయో, వాటిని ఏ పనికి వాడతారో అందులో రాయాలి. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా పట్టుకుని, 2020 జనవరి 31 లోగా పూర్తిచేయకపోతే రాష్ట్రాలు నెలకు 10 లక్షల చొప్పున కట్టాలన్న తర్వాత దేశమంతటా రిజిస్టర్లు హడావిడిగా తయారయ్యాయి. గడువు మీద తయారైన పుస్తకం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. నేను చూసిన ఒక ఊరి రిజిస్టరులో ఆ మండలంలోనే లేని చెట్ల పేర్లున్నాయి, ఊరి పక్క గుట్ట నిండా ఉన్న బిల్లు చెట్టు మాత్రం లేదు.

కనుక మీరు ఎంచుకున్న ఊరి రిజిస్టరును సదస్సుకు నెల ముందే పంచాయతీ కార్యాలయంలో అడిగి చూడండి, సభలో దాన్ని పేజీ తర్వాత పేజీ చదివించండి. 'బలుసు పండ్లు ఇప్పుడు దొరుకుతున్నాయా?', 'నారేపి చెట్లు ఎక్కడ మిగిలాయి?' అని అడుగుతూ పోతే ఊరివాళ్లే తప్పులు దిద్దుతారు, లేనివి చేరుస్తారు. స్థానిక పేరు ముందు, శాస్త్రీయ నామం తర్వాత రాయండి. చెట్టును చూడకుండా పేరు మాత్రం విని శాస్త్రీయ నామం రాయకండి. ఒకే పేరు కడపలో ఒక మొక్కకు, కర్నూలులో మరొక మొక్కకు ఉండడం నాకు పలుమార్లు ఎదురైంది. ఒక హెచ్చరిక కూడా ఉంది. మందు మొక్కల గురించి చెప్పే పెద్దల దగ్గర మొక్క పేరు, అది ఫలానా జబ్బుకు వాడతారన్నంత వరకు చాలు. పాళ్లు, తయారీ విధానం బహిరంగ సభలో చెప్పించి వీడియో తీసి పెట్టకండి. ఆ జ్ఞానం వాళ్లది, దాని మీద వచ్చే లాభంలో వాటా కూడా వాళ్లకు చెందాలన్నది ఈ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. 2023 సవరణ ఆ వాటా నియమాలను కొందరికి సడలించింది కనుక ఈ జాగ్రత్త ఇప్పుడు ఇంకా అవసరం.

తేదీ సంగతి. మే 22 ఎందుకంటే, 1992లో ఆ రోజున నైరోబీలో జీవవైవిధ్య ఒప్పంద పాఠాన్ని ఆమోదించారు. నిజానికి మొదట్లో ఈ దినోత్సవం డిసెంబరు 29న జరిగేది, ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజది. ఆ సమయంలో చాలా దేశాల్లో సెలవులని తర్వాత మే నెలకు మార్చారు. డిసెంబరే ఉండి ఉంటే మన సీమకు ఎంత బాగుండేదో! మే నెల కడపలో పగలు బయట నిలబడలేము, గుట్ట మీద గడ్డి ఎండిపోయి ఉంటుంది, పిల్లలకు సెలవులు. కనుక మే 22న సాయంత్రం ఐదున్నర తర్వాత గంటన్నర చర్చ మాత్రం పెట్టండి. మొక్కల నడకను, గుట్ట సందర్శనను, రిజిస్టరు దిద్దే పనిని తొలకరి తర్వాత ఒక ఆదివారానికి వాయిదా వేయండి. కాపరులు, కూలీలు పగటి సభకు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. వాళ్లకు ఆ రోజు కూలి, రాను పోను ఛార్జీలు ఇవ్వడానికి అతిథుల శాలువాల ఖర్చు సరిపోతుంది, నేను లెక్క వేసి చూశాను.

మొక్కలు నాటడం మే నెలలో అసలు వద్దు, బతకవు. నాటి తీరాలంటే వానలు పడ్డాక వేప, కానుగ, నేరేడు వంటివి నాటండి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు జోలికి పోకండి. భోజనం సద్ద సంగటి పెట్టించండి, ప్లాస్టిక్ సీసాల బదులు కుండలు పెట్టండి. ఫ్లెక్సీ విషయంలో ప్రిన్సిపాల్ గారితో గొడవ పెట్టుకోకండి, ఆ శక్తిని వేరే దానికి దాచుకోండి.

చివరి ఇరవై నిమిషాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఇద్దరు విద్యార్థులు మొదటి నుంచీ ఎవరేమన్నారో వాళ్ల మాటల్లోనే రాస్తూ ఉండాలి, సభ ముగిసే ముందు ఆ కాగితాన్ని గట్టిగా చదవాలి, 'నేను అలా అనలేదు' అన్నవారి మాటను అక్కడికక్కడే దిద్దాలి. సంతకాలు, వేలిముద్రలు తీసుకుని మూడు ప్రతులు చేయండి. ఒకటి పంచాయతీ జీవవైవిధ్య కమిటీకి ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి, ఒకటి మీ గ్రంథాలయంలో ఉంచండి, మూడోది వచ్చే ఏడు సభలో మొట్టమొదట చదవడానికి మీ బీరువాలో పెట్టుకోండి.